ముందు పుట్టిన చెల్లెలు

మా అమ్మ కుర్చీ నాకు కావాలి. ఇందులో దాపరికం ఏమీ లేదు. ఇబాదాన్‌లో, మొకోలా వీధిలో మా ప్రెస్సు. గుమ్మానికి ఎదురుగా ఉన్న ఆ కుర్చీలో కూర్చున్నవాళ్ళే పని ఒప్పుకుంటారు, బేరమాడతారు, మిగతావాళ్ళ మీద అరుస్తారు. మోకాళ్ళ నొప్పులతో వచ్చే నెల నుంచి ఇంటిపట్టునే ఉంటానంది అమ్మ. కుర్చీ నాకా, కెహిందేకా అన్నది మాత్రం తేల్చలేదు. రెండోవాళ్ళు బోడిజాలో కొత్తగా అద్దెకు తీసుకున్న గదికి పోవాలి. అక్కడ కరెంటూ లేదు, గిరాకీ ఉంటుందో లేదో కూడా తెలీదు.

కెహిందే, నేనూ కవలలం. ముందు పుట్టింది నేను. అయినా దాన్ని అక్కా అని పిలవాల్సింది కూడా నేనే. మా యొరుబా వాళ్ళ లెక్క అలాంటిది. కడుపులో ఉన్న పెద్దది "నువ్వు ముందు పోయి లోకం ఎలా ఉందో చూసి చెప్పు" అని చిన్నదాన్ని బయటికి తోస్తుందట. అలా ముందొచ్చింది టైవో, అంటే నేను. తాపీగా వెనక వచ్చింది కెహిందే. మాలో ఏ ఇంట కవలలు పుట్టినా ఇవే పేర్లు.

"ముందు పుట్టాను కాబట్టి కుర్చీ నాదే" అని అమ్మతో ఎన్నిసార్లు అన్నానో. అమ్మ నవ్వి ఊరుకునేది.

మాకు ఎక్కువగా వచ్చేవి అంత్యక్రియల పుస్తకాలు. పోయినవారి ఫోటో, జీవితం, చివర్న పిల్లలు, మనవల పేర్లతో పెద్ద టేబుల్. ఇంటివాళ్ళు ఎక్సెల్ షీటు పంపితే, దాన్ని చూస్తూ ఒక్కో పేరూ నేనే వర్డ్‌లో కొట్టేదాన్ని. కళ్ళు లాగేసేవి, కానీ ఒక్క అక్షరం తప్పు పోయేది కాదు. పోయిన వానల్లో కెహిందే లేగోస్‌లో ఏదో కోర్సు చేసొచ్చి కంప్యూటర్లో ఒక టూల్ పెట్టింది. షీటు చూపించి మీట నొక్కితే చాలు, పేర్లన్నీ వయసు వరసలో టేబుల్‌లోకి వచ్చి కూర్చుంటాయి. నేను రోజంతా చేసే పని పళ్ళెంలో అమలా ముద్ద చల్లారేలోపు అయిపోతుంది.

"మా కెహిందే వేళ్ళలో ఏముందో చూడండి!" అని అమ్మ వచ్చిన ప్రతివాళ్ళకీ చూపించేది. నా వేళ్ళలో ఏముందో ఎవరూ అడగలేదు. నాకు ఒళ్ళు మండిపోయేది. కరెంటు పోయినప్పుడల్లా దాని టూలూ పోయిందని సంబరపడేదాన్ని. జనరేటర్ వేసేదాకానే ఆ సంబరం.

నిన్న అకిన్‌లబి గారి తల్లి పుస్తకం పని. కెహిందే మీట నొక్కి, కాగితం తీసి నా ముందు పడేసింది.

"ఒకసారి చూడవే" అని తిండికి కూర్చుంది.

పిల్లల టేబుల్ చూశాను. మూడో వరసలో టైవో. దాని కింద కెహిందే. షీటు తెరిస్తే సంగతి తెలిసింది. ఆ ఇంట్లోనూ కవలలున్నారు. ఒకామె అర్ధరాత్రి దాటకముందు, ఇంకొకామె దాటాక పుట్టారు. ఇద్దరివీ వేరే తారీఖులు. టూలుకి తెలిసింది తారీఖు ఒక్కటే.

నా పేరు పైన, దాని పేరు కింద. చూస్తుంటే కడుపు నిండిపోయింది. ఇన్నేళ్ళలో నన్ను పెద్దదాన్ని చేసింది ఆ టూల్ ఒక్కటే. ఇప్పుడే చెప్తే కెహిందే దిద్దేసుకుంటుంది. అందుకని చెప్పలేదు.

"చూశావా?" అంది నోట్లో ముద్దతో.

"చూశానక్కా."

ఎన్నాళ్ళకో అక్కా అన్నానని మురిసిపోయింది పాపం.

అకిన్‌లబి గారు వచ్చారు. అమ్మ ఆయనకి కాగితం ఇవ్వగానే నేను మాట అందుకున్నాను.

"అయ్యా, ఆ మూడో వరస చూడండి. మా అక్క టూల్ కెహిందే నెత్తిన టైవోని కూర్చోబెట్టింది!"

ఆయన కళ్ళజోడు పెట్టుకుని చూసి, "అమ్మో! మా కెహిందే చూసిందంటే శవపేటిక ముందే నన్ను ఉతికేస్తుంది" అన్నారు.

మా కెహిందే మొహం మాడిపోయింది. "అది తారీఖు ప్రకారం..." అని నసిగింది.

"తారీఖేంటే?" అని రెచ్చిపోయాను. "నువ్వు యొరుబా ఇంట్లోనే పుట్టావా? ముందు పుట్టినంత మాత్రాన టైవో పెద్దదైపోతుందా? ఎప్పుడైనా, ఎక్కడైనా పెద్దది కెహిందేనే! పసిపిల్లని అడిగినా చెప్తుంది!"

గెలిచేశాననుకున్నాను.

"మళ్ళీ అను" అంది అమ్మ.

"ఏది?"

"పెద్దది ఎవరన్నావ్?"

అకిన్‌లబి గారు పైకప్పు చూస్తున్నారు. కెహిందే పెదవి కొరుక్కుంటోంది, నవ్వు ఆపుకోలేక.

"ఇన్నాళ్ళూ నా బుర్ర తిన్నావు. ఇవాళ నీ నోటితో నువ్వే తేల్చావు." అమ్మ కుర్చీలోంచి లేచింది. "రావే కెహిందే, కూర్చో. ముందు ఆ వరస దిద్దు."

"మరి నేను?"

"బోడిజా గది ఉందిగా. నువ్వు ముందు పోయి అక్కడ ఎలా ఉందో చూసి మీ అక్కకి చెప్పు."

పుట్టినప్పుడు కూడా నన్ను ఇదే మాట చెప్పి పంపారు.