లక్కబిళ్ల

కూరలు తరిగే కత్తితో లక్కబిళ్ల అంచు మరికాస్త చెక్కి, కడిగి, నోరు తెరిచి అంగిట్లోకి నొక్కింది సోమలమ్మ. ప్రాణం జివ్వుమంది. వేలికి నెత్తురు అంటింది.

తోటకూర గంప నెత్తికెత్తుకుని, "వత్తాను మావా," అంది. గుడ్డివాడైన సింగన్న ఆ గొంతు వినిపించిన వైపు నవ్వాడు.

ఇరవై ఏళ్లు చుట్ట నిప్పు లోపలికి పెట్టుకుని అడ్డపొగ తాగిన నోరది. రెండేళ్ల కిందట విశాఖపట్నంలో అంగిట్లో పుండు కోసేస్తే రూపాయంత కన్నం మిగిలింది. ప్రాణం దక్కింది గానీ, అదేం బతుకు! గంజి తాగితే ముక్కులోంచి కారేది. నలుగురిలో మెతుకు ముట్టలేకపోయింది. నోరు తెరిస్తే గాలే తప్ప మాట లేదు. బజారుకి సైగలు చాలు, కళ్లులేని మొగుడికి సైగలేం చేస్తుంది? చివరికి ఏటికొప్పాకలో బొమ్మలు చేసే తమ్ముడు దేవుళ్లు అంకుడు కర్ర తొలిచి, ఎర్ర లక్క పూసి, కన్నానికి సరిపడా బిళ్ల తెచ్చాడు. సింగన్న దాన్ని చేత్తో తడిమి తడిమి చూశాడు. ఆ సాయంత్రం ఆమె "మావా" అంటే పసిపిల్లాడిలా ఏడ్చాడు.

బలిఘట్టం దాటగానే బిళ్ల తీసి కొంగున ముడేసుకుంది. నర్సీపట్నంలో ప్లీడరుగారి భార్య వర్ధనమ్మగారు ఎదురైంది.

"మాటొచ్చిందటగా! ఏదీ, తోటకూరని ఒక్క కేక వెయ్యి."

సోమలమ్మ నవ్వి కట్ట చేతికిచ్చింది. ఉన్న నాలుగు మాటలూ ఇంటికి దాచుకుంది.

గంప ఖాళీ అయ్యాక డాక్టరుగారికి నోరు చూపించింది.

"పుండు తిరగబెట్టి కన్నాన్ని పూడ్చేస్తోంది. ఈసారి అంగిలంతా తీసెయ్యాలి. బిళ్ల నిలవడానికి చోటుండదు."

సోమలమ్మ తల అడ్డంగా ఊపింది.

"చచ్చిపోతావమ్మా!"

గంప నెత్తిన పెట్టుకుని బయటికొచ్చేసింది.

ఇల్లు చేరాక గుమ్మం బయటే కళ్లు గట్టిగా మూసుకుని బిళ్ల పెట్టుకుంది.

"ఏటే, గొంతు అదోలాగుంది?"

"సల్లగాలి తగిలింది మావా. ఉలవసారు కాసినాను, బేగి తిను."

"నువ్వో?"

"తినేసినాను." తినలేదు.

"అయితే కబుర్లు సెప్పు."

చెప్పింది. ప్లీడరుగారి ఆవు ఈనిందనీ, తోటకూర మొత్తం అమ్ముడైందనీ. ఆ రోజే కాదు, రోజూ చెప్పింది. ఎండాకాలం వెళ్లకుండానే ఒక పొద్దున సోమలమ్మ లేవలేదు.

దినం అయ్యాక సింగన్న, ఆమె రాత్రిళ్లు బిళ్ల దాచుకునే ముంతలో చెయ్యిపెట్టి దాన్ని తీశాడు. వేళ్ల మధ్య తిప్పాడు.

"ఇది కాదురా దేవుళ్లూ. అది నాను పట్టుకు సూసినాను. రూపాయంత ఉండీది."

"అదే బావా," అన్నాడు దేవుళ్లు.

సింగన్న వేళ్లు ఆగిపోయాయి. అరచేతిలో, అంచుల్లో లక్కంతా పోయి తెల్లటి కర్ర బయటపడ్డ బిళ్ల, చింతపిక్కంత ఉంది.