సున్నా పోగొట్టుకున్న టేపు

నేను ఒక టైలరు టేపును. మొదట్లో నా చేతిలో ఉన్న ఆస్తి ఇంతే: నూట యాభై సెంటీమీటర్ల పొడవు, చివరలకు ఇత్తడి రేకులు, ఎవరి మొహమూ చూడని అంకెలు. కదిరిలో ఖాదర్ బాషా అంగట్లో నడుములు కొలిచేదాన్ని. ఊపిరి బిగబట్టి, పొట్ట లోపలికి లాక్కుని నాతో బేరమాడనివాళ్లు తక్కువ. బాషా మేకకు కాలు విరిగితే పశువుల డాక్టరు వసుంధర కట్టు కట్టింది. ఆమె ఏమీ పుచ్చుకోనంటే, ఆయన నన్ను ఆమె సంచిలో పడేశాడు. అప్పటినుంచి పొట్టేళ్ల వృషణాల చుట్టుకొలత నా పని. సరుకు మారింది, వ్యాపారం అదే.

అట్లా తిప్పమ్మ దొడ్డికి చేరాను. ఆమె మందలో పెద్ద పొట్టేలు చచ్చిపోయింది. మగవాటిలో దానికి పుట్టిన కుర్ర పొట్టేలు ఒక్కటే మిగిలింది. తొలకరికి అది గొర్రెలకు చూలు కట్టించకపోతే ఆ ఏడాది పిల్లలుండవు, మంద అమ్ముకోవాల్సిందే. ఆత్రం పట్టలేక ఆమె మరిది ఓబన్న, పందెం పొట్టేళ్లకు వేసే మగ హార్మోను సూదులు తెచ్చి దానికి పొడిపించాడు.

"కొమ్ములు చూడు మేడమ్, మెడ చూడు! మొగోడంటే వీడే," అన్నాడు ఓబన్న.

మనుషులింతే. బోర్డు చూసి అంగడి నిండుగా ఉందనుకుంటారు. డాక్టరు నన్ను కింద చుట్టింది. ముప్పై దాకా రావాల్సిన చోట పదిహేను దగ్గరే నా పని అయిపోయింది.

"పైన కోటలా ఉన్నాడు, కింద గోలీలంతే ఉన్నాయి కదప్పా! తలలో ఒక గ్రంథి ఉంటుంది. పని మొదలుపెట్టమని వృషణాలకు అదే హార్మోను పంపుతుంది. నువ్వు బయటినుంచి పోస్తే, సరుకు చాలా ఉందనుకుని అది ఆర్డరు ఆపేస్తుంది. ఇంక ఇవెట్లా పెరుగుతాయి?"

తిప్పమ్మ మరిది వైపు తిరిగింది. "ఇంట్లో వండేదాన్ని కూచోబెట్టి హోటల్ కూడు తెచ్చినావురా నువ్వు!" తర్వాత గొంతు తగ్గించింది. "పొయ్యి మళ్లా రాజుకుంటాదా మేడమ్?"

"చిన్నది కాబట్టి ఆశ ఉందక్కా. సూది మానండి, ఉలవలు పెట్టండి. తొలకరి దాకా కటికాయనకు మాత్రం ఇవ్వొద్దు."

సూది ఆగగానే పొట్టేలు నీరసించింది. "మేకపిల్లైపోయె," అని ఓబన్న ఎగతాళి చేశాడు. డాక్టరు వచ్చినప్పుడల్లా తిప్పమ్మ ఆమె భుజం మీదుగా వంగి నన్నే చూసేది. చదువు రాకపోయినా నా గీతలు ఆమెకు తెలుసు. ఒక్క గీత జరిగితే మళ్లీ మేతకు పరుగు, జరగకపోతే ఆకాశం వైపు చూపు. మబ్బులు ముందొస్తాయో, నా అంకె ముందొస్తుందో. సంచిలో చుట్టుకుని ఉన్నా నాకు కుదురు లేదు.

ఆఖరిసారి పొట్టేలు నిలవలేదు. గొర్రెల వైపు గుంజుకుంటూ తల తిప్పి నన్ను కొరికింది. ఇత్తడి రేకూ, సున్నా నుంచి ఏడు దాకా అంకెలూ దాని నోట్లోకి పోయాయి. మిగిలినదానితోనే డాక్టరు కొలిచి నవ్వింది.

"ఈ టేపు ఇంక నాకు పనికిరాదు. నీ పొట్టేలు పనికొస్తుంది; టేపు కూడా నువ్వే ఉంచుకో అక్కా."

ఇప్పుడు తిప్పమ్మ నన్ను గొర్రెపిల్లల దొడ్డి తలుపుకు కట్టింది. పోయింది ఒక సున్నా, ఏడు అంకెలు. వచ్చిన పిల్లలను లెక్కపెట్టబోతే ఒక్కటీ కుదురుగా నిలబడదు. తెల్లారకముందే అన్నీ కలిసి తలుపును కుమ్ముతాయి, నా ముడి రోజూ కొంచెం సాగుతుంది.