తొమ్మిదో అధ్యాయంలో పెద్దావిడ

ఆయన్ని అందరూ మాస్టారనే పిలుస్తారు. బడిలో పాఠాలు చెప్పే మాస్టారు కాదు, కారు నడపడం నేర్పే మాస్టారు. ఆయన కూర్చునే వైపు కూడా ఒక బ్రేకు ఉంటుంది. ఎదురుగా లారీ వస్తున్నా గొంతు పెంచరు. "ఏం ఫర్వాలేదు, మెల్లగా" అంటూ ఆ బ్రేకు మీద కాలు ఆనిస్తారు. స్టీరింగు పట్టుకోగానే చేతులు వణికేవాళ్ళు, క్లచ్చు వదిలేటప్పుడు కళ్ళు మూసుకునేవాళ్ళు, వెనకాల బస్సు హారన్ కొడితే కారు అక్కడే వదిలేసి పోదామనుకునేవాళ్ళు, అందరూ ఆయన పక్కన కూర్చునే రోడ్డెక్కారు.

ఆ మాస్టారు ఒక నవల రాశారు. ఒక క్లాసుకీ ఇంకో క్లాసుకీ మధ్య దొరికిన ఖాళీలో, కారు ఎక్కడో నీడన ఆపి, ఒళ్ళో లాప్‌టాప్ పెట్టుకుని, కొన్నేళ్ళ పాటు రాశారు. అందులో హీరో కూడా డ్రైవింగు మాస్టారే. మహా ఓపికమంతుడు, మంచివాడు, పాపం లోకం అర్థం చేసుకోనివాడు. భార్య మొత్తం చదివి "బాగుందండీ" అంది. చుట్టాలింట్లో ఉప్పు తక్కువైన కూర తిని మెచ్చుకున్నట్టుంది ఆ అనడం. మాస్టారు అదేమీ పట్టించుకోలేదు.

పేరున్న ప్రచురణ సంస్థలు రాతప్రతుల్ని నేరుగా తీసుకోవనీ, మధ్యలో ఏజెంట్లుంటారనీ, రచయిత తరఫున పుస్తకం పట్టుకుని తిరిగేది వాళ్ళేననీ ఎక్కడో చదివారు. అంతే, ఒక ఆదివారం కూర్చుని దొరికిన ఏజెంట్ల అడ్రసులన్నీ పోగేసి, అందరికీ కలిపి ఒకే ఈమెయిలు కొట్టారు. "అయ్యా" అని మొదలుపెట్టి, తన చిన్నతనం, తన కష్టాలు, ఇలాంటి నవల ఇంతవరకూ భూమ్మీద రాలేదన్న సంగతి వివరంగా రాసి, నవల మొత్తం తగిలించి పంపేశారు.

వారం గడిచినా ఎవరూ పలకలేదు. ఆ తర్వాత ఒక్క జవాబు వచ్చింది.

"నేను పిల్లల పుస్తకాలే చూస్తాను. పైగా నేను అయ్యని కాదు, అమ్మని. ఇంకో మాట. మీరు రాసిన ఏజెంట్లందరి అడ్రసులూ పైన వరసగా కనిపిస్తున్నాయి. వాళ్ళలో చాలామంది నాకు స్నేహితులే. అందర్నీ ఒక్కచోట చూసి సంతోషమేసింది. మీకు మంచి జరగాలని కోరుకుంటున్నాను."

మాస్టారి మొహం కందగడ్డలా అయింది. భార్యకి చూపిస్తే ఆవిడ కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వింది. నవ్వు ఆగాక కుర్చీ దగ్గరికి లాక్కుంది. ఆవిడ ఒక కంపెనీలో ఉద్యోగాల దరఖాస్తులు వడపోసే పని చేస్తుంది. ఉత్తరాలు రాసేవాళ్ళ సంగతి తెలియకపోయినా, అందుకునేవాళ్ళ అవస్థ ఆవిడకి కొట్టిన పిండి.

"మా ఆఫీసులో 'అయ్యా' అని ఊరందరికీ కలిపి రాసినదాన్ని ఏం చేస్తానో తెలుసా?"

"ఏం చేస్తావు?"

"మీ దాన్ని వాళ్ళు చేసిందే చేస్తా. ఇంతకీ వీళ్ళలో ఎవరు ఎలాంటి పుస్తకాలు చూస్తారో కనుక్కున్నారా?"

"అది కనుక్కోవాలని తోచలేదే" అన్నారు మాస్టారు.

"ముక్కూ మొహం తెలియనివాళ్ళు వచ్చి కారు నేర్పమంటే నేర్పుతారు గానీ, విమానం నేర్పమంటే ఏమంటారు? ఇదీ అంతే."

ఆ తర్వాత మాస్టారు తనకి బాగా నచ్చిన నవలలు బీరువాలోంచి తీసి, చివరి పేజీలు చూడడం మొదలుపెట్టారు. అక్కడ రచయితలు ఎవరెవరికో కృతజ్ఞతలు చెప్పుకుంటారు. ఇన్నాళ్ళూ ఆ పేజీ చదవకుండానే పుస్తకం మూసేసేవారు. రెండు నవలల్లో ఒకే ఏజెంటు పేరు కనిపించింది. ఆవిడ ఏం అడుగుతుందో వెతికి చూశారు. ఒక పేజీ ఉత్తరం, కథా సారాంశం, మొదటి మూడు అధ్యాయాలు. అంతకుమించి పంపొద్దని రాసి ఉంది.

ఉత్తరం రాయడానికి మాస్టారికి తల ప్రాణం తోకకొచ్చింది. రాసిందల్లా భార్య చదివి, "మీ చిన్నతనం ఎందుకండీ ఇందులో? తీసేయండి" అనేది. తీసేస్తూ తీసేస్తూ పోతే చివరికి మిగిలిన మొదటి వాక్యం ఇది: "ఇరవయ్యేళ్ళుగా నేను భయపడే మనుషుల పక్కన కూర్చుంటున్నాను." ఆవిడ అది రెండుసార్లు చదివింది. "ఇది ఉంచండి" అంది.

ఈసారి ఆ ఏజెంటుకీ, అలాంటి నవలలే చూసే ఇంకో నలుగురికీ విడివిడిగా రాశారు. రాసి ఎదురుచూడడం మొదలుపెట్టారు. ఎర్ర లైటు పడ్డప్పుడల్లా ఫోను చూడడం అలవాటైపోయింది. ఒకసారి నేర్చుకుంటున్న అమ్మాయే "మాస్టారూ, నన్ను ఫోను చూడొద్దన్నారు కదా, మీరు చూడొచ్చా?" అని అడిగేసింది. సిగ్గుపడి ఫోను లోపల పెట్టేశారు.

ఇద్దరు వద్దన్నారు, ఒకరు ఉలకలేదు పలకలేదు. నవలల వెనక పేజీల్లో దొరికిన ఆవిడా, ఇంకో ఆయనా మాత్రం మొత్తం పంపమన్నారు. నెల దాటాక ఆవిడ, ఒకసారి వచ్చి కలవమంది.

ఆవిడ ఆఫీసు కళ్ళజోళ్ళ దుకాణం పైన ఒక్క గది. రెండు కుర్చీలు, ఒక కెటిల్, గోడ పొడుగునా రాతప్రతుల దొంతరలు. యాభై దాటిన మనిషి, జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది. మాస్టారికి టీ ఇచ్చి, సూటిగా విషయంలోకి దిగింది.

"మాస్టారూ, మీ హీరోని చదువుతుంటే నాకు నిద్రొచ్చిందండీ."

మాస్టారు కప్పు కింద పెట్టేశారు.

"చెడ్డవాడని కాదు. మరీ మంచివాడు. ప్రతి పేజీలోనూ తనెంత మంచివాడో తనే చెప్పుకుంటాడు. కానీ తొమ్మిదో అధ్యాయంలో ఒక పెద్దావిడ డ్రైవింగు నేర్చుకోడానికి వస్తుంది చూడండి, క్లచ్చుని తిడుతుంది, గేరుని బతిమాలుతుంది. కొద్ది పేజీల్లోనే వెళ్ళిపోయింది. ఆవిడ మళ్ళీ ఎక్కడైనా వస్తుందేమోనని చివరిదాకా పేజీలు తిప్పాను. రాలేదు."

"అంటే... ఆవిడ చిన్న పాత్రండీ."

"నాకైతే ఆవిడే నవల. తిరగరాస్తారా? రాశాక నచ్చితే మీ ఏజెంటుగా ఉంటాను. నచ్చకపోతే నచ్చలేదనే చెబుతాను. ఇప్పుడే మాట ఇవ్వలేను."

మాస్టారు మొహం మాడ్చుకుని ఇంటికొచ్చారు. హీరో ఎవరో ఆవిడకి తెలియకపోవచ్చు గానీ, ఆయనకి తెలుసు, భార్యకీ తెలుసు. "నన్ను చదువుతుంటే నిద్రొచ్చిందట" అన్నారు. భార్య నవ్వు ఆపుకుంటూ వంటింట్లోకి వెళ్ళిపోయింది.

గమ్మత్తేమిటంటే, మర్నాడే మొత్తం పంపమన్న రెండో ఏజెంటు ఫోన్ చేశాడు. పెద్ద ఆఫీసు, పెద్ద పేరు. "అద్భుతం! ఒక్క అక్షరం మార్చక్కర్లేదు. కాగితాలు పంపిస్తాను, సంతకం పెట్టేయండి" అన్నాడు. మాస్టారు గాలిలో తేలిపోయారు. భార్య అంతా విని, "మరి పెద్దావిడ గురించి ఏమన్నాడు?" అంది.

ఆ మాటకి మాస్టారు మళ్ళీ ఫోన్ చేసి, నసుగుతూ అడిగారు.

"పెద్దావిడా?" అన్నాడాయన. "హీరో వాళ్ళమ్మే కదూ? బ్రహ్మాండంగా ఉంది."

ఆ నవలలో హీరోకి తల్లే లేదు.

అయినా మాస్టారు వెంటనే తెగ్గొట్టుకోలేకపోయారు. పెద్ద పేరు కదా, మనసు లాగింది. రెండ్రోజులు తటపటాయించి, కళ్ళజోళ్ళ దుకాణం పైనున్న ఆవిడకే ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పేశారు.

అంతా విని ఆవిడ అంది, "ఆయన పలుకుబడి నాకు లేదండీ, అది నిజం. ఆలోచించుకోండి. కానీ ఆయనైనా నేనైనా, సంతకం పెట్టేముందు మూడు మాటలు అడగండి. పుస్తకం ఎవరెవరికి పంపుతారు, వాళ్ళకే ఎందుకు, రేపు మనకి పడకపోతే విడిపోవడం ఎలా. సరిగ్గా చెప్పలేనివాళ్ళతో వెళ్ళకండి. చెప్పలేనిది నేనైనా సరే."

మాస్టారు పెద్దాఫీసు ఆయనకి ఫోన్ చేసి అవే ప్రశ్నలు అడిగారు. "అవన్నీ మేం చూసుకుంటాం, మీకెందుకు?" అని జవాబొచ్చింది. మర్యాదగా వద్దని చెప్పేసి, తిరగరాయడానికి కూర్చున్నారు.

పెద్దావిడ కల్పన కాదు. ఆయన దగ్గర నేర్చుకున్న మనిషే. ఏడుపదులకి దగ్గరపడ్డాక వచ్చి చేరింది, చాలాసార్లు పరీక్ష తప్పి ఎట్టకేలకి లైసెన్సు తెచ్చుకుంది. ఎందుకు నేర్చుకుంటోందో ఒకరోజు తనే కారులో చెప్పింది. జీవితమంతా కారు నడిపింది ఆవిడ భర్త. ఇప్పుడాయనకి చూపు పోతోంది. ఆ సంగతి ఎవరికీ తెలియనివ్వడు, పిల్లలకి కూడా. మొదటిసారి రాసినప్పుడు మాస్టారు ఆ విషయం వదిలేసి, నవ్వొచ్చే ముక్కలు మాత్రమే రాశారు. ఇప్పుడేమో నవల మొత్తం దాని మీదే నిలబడేట్టుంది. అడక్కుండా రాయబుద్ధి కాక, ఆవిడ ఇంటికి వెళ్ళారు.

ఆవిడ ఆయన్ని చూసి సంబరపడిపోయి, కారెక్కించి తనే నడిపింది. దారిలో మాస్టారు నవల సంగతి చెప్పారు. మలుపు దగ్గర చక్రం పేవ్‌మెంటు అంచుని రాసుకుంది. తన వైపు లేని బ్రేకుని మాస్టారి కాలు తొక్కింది.

"నన్ను పుస్తకంలో పెట్టావా?" అంది ఆవిడ. "ఎన్నిసార్లు తప్పానో కూడా రాశావా?"

"రాశానండీ."

"రాసుకో. గేరు బాక్సు పాడుచేసింది కూడా రాసుకో." కారు పక్కకి తీసి ఆపింది. "ఆయన కళ్ళ సంగతి మాత్రం వద్దు బాబూ. పొద్దున్నే పేపరు తలకిందులుగా పట్టుకుని చదువుతున్నట్టు కూర్చుంటారు. నేను ఏమీ అనను. ఏం వార్తలున్నాయి అని అడుగుతాను, ఆయన రేడియోలో విన్నవి చెబుతారు. అది మా ఇద్దరి మధ్యనే ఉండనీ."

మాస్టారు సరేనన్నారు.

ఏజెంటుకి ఈ సంగతి చెప్పడానికి ఆయన జంకారు. పేర్లు మార్చి రాసేయమంటుందేమో, ఇంత మంచి కథ వదులుకుంటారా అంటుందేమో అనుకున్నారు. అసలు కారణం బయటపెట్టకుండా, "ఆవిడ ఎందుకు నేర్చుకుందో రాయొద్దన్నారండీ" అని మాత్రం అన్నారు.

"అయితే రాయొద్దు," అంది ఏజెంటు. "నాకూ చెప్పొద్దు. మీరు రచయిత కదా, ఇంకోటి కనిపెట్టండి."

ఎన్ని కనిపెట్టినా అతికించినట్టే ఉన్నాయి. ఒకరోజు క్లాసులో కొత్తగా చేరిన మనిషి, ఎవరో ప్లంబరు, నోరు విప్పకుండా బండి నడుపుతుంటే, ఇతనికి ఇప్పుడు కారు నేర్చుకోవాల్సిన అవసరం ఏమొచ్చిందా అని మాస్టారు తనలో తనే ఊహలు అల్లుతున్నారు. అప్పుడు తట్టింది. నవలలో పెద్దావిడ కారణం చెప్పనే చెప్పదు. హీరో వారానికో ఊహ అల్లుతాడు, ప్రతిదీ తప్పుతుంది. ఊహించడం కోసం ఆవిణ్ణి గమనిస్తాడు, గమనిస్తూ తన మంచితనం సంగతి మర్చిపోతాడు.

అలా రాయడానికి దాదాపు ఏడాది పట్టింది. పూర్తయ్యాక ముందు పెద్దావిడ ఇంటికే తీసుకెళ్ళారు. భర్త సోఫాలో కూర్చుని, "నా కళ్ళజోడు ఎక్కడో పెట్టాను, నువ్వే చదువు మాస్టారూ" అన్నాడు. మాస్టారు సాయంత్రం దాకా చదివారు. పెద్దాయన పగలబడి నవ్విన చోట్లున్నాయి, ఊరికే కూర్చుండిపోయిన చోట్లున్నాయి. చివర్లో భార్య వైపు తిరిగి అడిగాడు.

"ఇంతకీ ఎందుకు నేర్చుకుందంటావు ఆవిడ?"

"సరదాకేమో," అంది పెద్దావిడ.

ఏజెంటు ఇంకో రెండు విడతలు దిద్దించి, అప్పుడు సంతకం పెట్టించుకుంది. ఎవరెవరికి పంపుతుందో, ఎందుకు పంపుతుందో కూర్చోబెట్టి చెప్పింది. "వద్దన్న ఉత్తరాలు మీకు చూపించమంటారా, నా దగ్గరే ఉంచుకోమంటారా?" అని కూడా అడిగింది. చూపించమన్నారు మాస్టారు. అన్నాక తెలిసింది అదెంత కష్టమో. బాగుంది కానీ, బాగుంది కానీ అంటూ ఒకటొకటే వచ్చాయి. ఒకాయన మాత్రం, ముసలావిడ కథ ఎవరు చదువుతారని రాశాడు.

అది వచ్చిన రోజు ఏజెంటు తనే ఫోన్ చేసింది. "ఇన్నేళ్ళ నుంచీ ఈ పని చేస్తున్నానండీ, నాకే చేతకావడం లేదేమో. మీరు ఆ పెద్దాఫీసుకి వెళ్ళుంటే బాగుండేదేమో."

అది విని మాస్టారికి తన బాధ పక్కకి పోయింది. కారులో వాడే గొంతు దానంతటదే వచ్చింది.

"ఏం ఫర్వాలేదు మేడమ్. బండి ఎవరిదైనా ఆగుతుంది. మళ్ళీ స్టార్ట్ చేద్దాం. ఇంకా ఎవరికి పంపలేదు?"

"ఒక చిన్న సంస్థ ఉంది. ఏడాదికి నాలుగైదు పుస్తకాలే వేస్తారు."

"వాళ్ళకి పంపండి."

ఆ చిన్న సంస్థే తీసుకుంది. అక్కడి సంపాదకురాలు ఫోన్‌లో మొట్టమొదట అన్న మాట, పెద్దావిడ ఎందుకు నేర్చుకుందో చెప్పకపోవడమే తనకి నచ్చిందని. పుస్తకం వచ్చింది. ఊరంతా చదివేశారని కాదు, చదివినవాళ్ళు మాత్రం ఇంకొకరికి ఇచ్చారు. మాస్టారి భార్య ఆఫీసులో దరఖాస్తుల పక్కన ఒక కాపీ పెట్టుకుంది, అడిగినా అడక్కపోయినా అందరికీ చూపిస్తుంది. మాస్టారు ఎప్పట్లాగే పొద్దున్నే కారు తీసుకుని క్లాసులకి వెళ్ళిపోతారు.

ఈమధ్య రెండో నవల మొదలుపెట్టి, మూడు అధ్యాయాలు ఏజెంటుకి పంపారు. ఆవిడ ఫోన్ చేసి, "మూడోది చాలా బాగుందండీ. మొదటి రెండూ తీసేద్దాం" అంది. మాస్టారు రెండ్రోజులు ఆవిడతో మాట్లాడలేదు. ఆ తర్వాత తీసేశారు.