ఆపమన్నది ఎవరు

కుర్చీని ఇంకో సర్వరు ముందుకు జరుపుకుని, స్వెట్టరు చేతులు పైకి లాక్కుని, అక్క మళ్ళీ రహస్యపదం కొట్టింది. ఆసుపత్రిలో అందరికీ ఆమె అక్కే. వయసులో పెద్దవాళ్ళకు కూడా. రోజంతా ఏసీ ఊదే ఈ కంప్యూటర్ల గదిలో పనిచేసీ చేసీ ఆమె వేళ్ళ కణుపులు ఉబ్బిపోయాయి. ఫ్యాన్ల మోతను దాటి మాట్లాడడం అలవాటై ఇంట్లో కూడా అరిచినట్టే మాట్లాడుతుంది.

రోగుల స్కానింగులు, రక్తపరీక్షలు అన్నీ గది చివరనున్న స్టోరేజీలో ఉంటాయి. ఇకమీదట ఏ సర్వరైనా దాన్ని తెరవాలంటే ముందు రహస్యపదం చెప్పి తానెవరో రుజువు చేసుకోవాలి. సర్వర్ల వైపు అక్క పెట్టాలి, స్టోరేజీ వైపు విభాగం అధిపతి పెద్దసారు తన చేత్తో కొట్టాలి. ఒక్క అక్షరం తేడా వచ్చినా తలుపు తెరుచుకోదు. తనిఖీవాళ్ళు పెట్టిన నియమం అది.

ఇలాంటి కాపలా ఇదివరకూ ఉండేది. అప్పుడు ఈ కుర్చీలో ఆమె తమ్ముడు కూర్చునేవాడు. కొత్త సర్వరు స్టోరేజీతో ఎంతకీ కలవకపోయేసరికి, “ఆ గోల ఆపేసి పని కానీ” అన్నాడు పెద్దసారు. తమ్ముడు వద్దు వద్దంటూనే ఆపాడు. ఆ సాయంత్రమే, సాఫ్టువేరు సరిచూడడానికని పెట్టిన కంప్యూటరొకటి అడ్డూ అదుపూ లేకుండా స్టోరేజీలోకి చొరబడి రోగుల వివరాల మీద తన చెత్తంతా రాసేసింది. విచారణలో పెద్దసారు కళ్ళార్పకుండా, “తనంతట తనే ఆపాడు” అన్నాడు. ఆ మచ్చతో తమ్ముణ్ణి ఇంకెవరూ పనిలో పెట్టుకోలేదు. ఏడాది తిరక్కుండానే నిద్రలో పోయాడు. గుండె అన్నారు డాక్టర్లు. దాన్ని తిన్నదెవరో అక్కకు తెలుసు.

పక్క విభాగంలో ఉన్న ఆమె ఆ ఖాళీని అడిగి మరీ తీసుకుంది. రోజూ “గుడ్ మార్నింగ్ సార్” అంటూనే కడుపులో నిప్పు ఆరకుండా చూసుకుంది.

మధ్యాహ్నం పెద్దసారు వచ్చి, కోటు కుర్చీకి తగిలించి, స్టోరేజీ తెర ముందు కూర్చున్నాడు.

“తొందరగా చెప్పమ్మా, మీటింగుంది.”

“తెలుగు మాటే సార్, ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాలి. ఎ, ఎ, పి, ఎ, ఎం...”

తెర మీద చుక్కలు పడుతూ పోయాయి. సగంలో ఆయన చెయ్యి ఆగింది.

“ఇంతకీ ఏం మాట ఇది?”

“ఆపమన్నది నేనే.”

పెద్దసారు మొహంలో నెత్తురుచుక్క లేదు. “మార్చు.”

“మారుస్తాను. ఎందుకు మార్చావని తనిఖీవాళ్ళు అడుగుతారు. ఏం చెప్పమంటారు?”

ఆయన చుక్కలన్నీ చెరిపేసి తనకు తోచిందేదో కొట్టాడు. సరిపోలేదంది తెర. మళ్ళీ కొట్టాడు. సరిపోలేదు.

“నా మీద కక్ష కట్టావా?”

“ఇన్నేళ్ళకు తెలిసిందా సార్? కానివ్వండి, వార్డుల్లో డాక్టర్లు స్కానింగుల కోసం కాచుక్కూచున్నారు.”

ఈసారి ఆమె అక్షరాలు చెప్పలేదు. ఆయనే ఒక్కొక్కటీ వెతుక్కుంటూ కొట్టాడు. ఆకుపచ్చ దీపం వెలిగింది.

“పైకి అనండి, సరిచూసుకోవాలి.”

“అవసరమా?”

“అనండి.”

“ఆపమన్నది... నేనే.”

ఫ్యాన్ల మోతలో ఆ మాట అక్క ఒక్కదానికే వినబడింది. కడుపు చల్లబడుతుందనుకుంది. చల్లబడలేదు. ఇంకోసారి చెప్పించాలనిపించింది.

“ఇంకోటుంది సార్. స్టోరేజీ కూడా సర్వర్లకు తానెవరో చెప్పుకోవాలి. ఆ పదం వేరే.”

“అదేంటి?”

“వాడిది తప్పులేదు.”

పెద్దసారు అదీ కొట్టాడు. ఈసారి ఒక్క అక్షరం కూడా తప్పు పోలేదు. తర్వాత లేచి, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయాడు.

సాయంత్రం గేటు దగ్గర కాపలా ఉండే ఆయన తలుపు తోసుకుని వచ్చాడు. “అక్కా, తెలిసిందా? పెద్దసారు రాజీనామా ఇచ్చేశాడంట. మీటింగుకీ పోలేదు, ఎవరితో ఒక్క మాటా లేదు. ఏమైందంటావ్?”

“ఏమో” అంది అక్క. ఈసారి అరిచినట్టు అనలేదు.

స్టోరేజీ ముందున్న కుర్చీకి పెద్దసారు కోటు వేలాడుతోంది. ఏసీ గాలికి దాని చెయ్యి ఒకటి మెల్లగా ఊగుతోంది.