ముయ్యి దినం

మదనపల్లె టమోటా మార్కెట్లో నేను వేలం పాట పాడతాను. ఇరవై రెండేళ్లుగా అదే పని. పొద్దున మొదలుపెడితే ఎండెక్కేదాకా గొంతు చించుకోవాలి. ఆ గొంతులోంచి వచ్చే అంకెలు తప్ప ఇంకొక్క ముక్క ఎవరికీ అక్కర్లేదు. మా అమ్మ నాగమ్మ పోయిన పన్నెండో రోజున వచ్చి పాడాను. "ఏం మధుసూదన్, గొంతు అట్లుండాదేం?" అని రైతు అడగలేదు, వ్యాపారి అడగలేదు, మండీ యజమాని వరదరాజులూ అడగలేదు. ఇదంతా ముందే ఎందుకు చెబుతున్నానంటే, నలభై ఐదేళ్ల వయసులో నాకు ఫోన్లో రాతలు పెట్టే ఒక సైటు పిచ్చి ఎందుకు పట్టిందో తెలియాలి కదా.

మూడేళ్ల కిందట మండీలో పనిచేసే ప్రదీప్ దాన్ని నా ఫోన్లో పెట్టాడు. అందులో ఎవరైనా ఏదైనా రాయవచ్చు. చదివినవాళ్లకు నచ్చితే ఓటు వేస్తారు. వారంలో పడిన ఓట్లను బట్టి క్రిప్టో నాణేలు వస్తాయి. అవి కంటికి కనబడవు, చేతికి తగలవు, కానీ అమ్ముకుంటే రూపాయలవుతాయి.

"దినామూ అరుస్తానే ఉండావు గదన్నా, ఒగసారి రాసి సూడు" అన్నాడు ప్రదీప్.

మా ఆవిడ రోజా విరగబడి నవ్వింది. "పదో తరగతి తెలుగులో ముప్పై ఐదు మార్కులు. ఈయన రాస్తాడంట, వాళ్లు దుడ్లిస్తారంట!"

రాశాను. మా అమ్మ గురించే రాశాను. సోమల దగ్గర మాకు ఎకరా కూడా లేని చెనక్కాయ చేను ఉండేది. కూలి ఇచ్చి మనుషుల్ని పెట్టుకునే స్తోమత లేనివాళ్లందరూ మా వైపు ముయ్యి పెట్టుకుంటారు. ఈరోజు మీరందరూ మా చేనికి వచ్చి చెనక్కాయ పీకితే, రేపు మేము మీ చేనికి వచ్చి పీకాలి. డబ్బు ఊసే ఉండదు. మనిషికి మనిషి బదులు, అంతే. మా అమ్మ జ్వరంతో కూడా ముయ్యికి పోయేది. పోకపోతే పరువు పోతుందని కాదు, మనకోసం వంగిన నడుముకు మనం వంగకపోతే ఎట్లా అని. అదే రాసిపెట్టి, పడుకున్నాను.

పొద్దున చూస్తే కింద ఒక పెద్ద ఉత్తరమంత కామెంటు ఉంది. రాసినావిడ పేరు రుక్మిణమ్మ. పుంగనూరులో నలభై ఏళ్లుగా గాజుల అంగడి నడుపుతోందట. "మీ అమ్మ చేతులు ఎట్లా ఉండేవో రాయలేదేం నాయనా? గాజులు తొడిగేటప్పుడు చేతులు చూసే, ఎవరు ఏ పంట పనికి పోయి వచ్చారో నేను చెప్పేస్తాను. చెనక్కాయ పీకినవాళ్లకు చూపుడువేలు పక్కన చర్మం మొద్దుబారి ఉంటుంది. అక్కడ పట్టి నొక్కితే నొప్పి తెలియదు. మీ అమ్మకూ అట్లా ఉండేదా?"

ఉండేది. చిన్నప్పుడు అన్నం తినిపించేటప్పుడు నా పెదవికి అదే గరుగ్గా తగిలేది. ఆ కామెంటు చదివి, క్రేట్ల చాటుకు పోయి ఏడ్చాను. ఏడ్చానని చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు. మా అమ్మ చేతుల గురించి ఆమె పోయాక నన్ను అడిగిన మొదటి మనిషి రుక్మిణమ్మ.

ఆ తర్వాత ఏడాది నా జీవితంలో మంచి ఏడాది. కలికిరి నుంచి ఒకరు, శాంతిపురం నుంచి నలుగురు, కుప్పం నుంచి ఏడుగురు, అట్లా అట్లా నలభై మందిమి చేరాము. ముఖాలు చూసుకోలేదు, ఫోన్లు చేసుకోలేదు, కానీ ఎవరింట్లో ఏం జరుగుతోందో అందరికీ తెలుసు. ఒకరు రాసింది ఇంకొకరు చదివేవాళ్లం, తప్పులు పట్టేవాళ్లం, పోట్లాడుకునేవాళ్లం. వేలం పాడుతున్నా నా కళ్లు రాసుకోవడానికి ఏదో ఒకటి వెతికేవి. వచ్చే నాణేలతో టీ ఖర్చు కూడా గడిచేది కాదు. అయినా పొద్దున లేవడానికి టమోటా కాకుండా ఇంకో కారణం దొరికింది నాకు.

దాన్ని మేమే చెడగొట్టుకున్నాం. భానుప్రకాశ్ అని కుప్పం కుర్రాడు, రోజూ రైల్లో బెంగుళూరుకు పోయి వస్తూ కంప్యూటర్ ఉద్యోగం చేస్తాడు, లెక్క వేసి చెప్పాడు. మన ఓట్లు చెల్లాచెదురుగా పోతున్నాయి. అట్లా కాకుండా రోజుకు ఒకరి వంతు పెట్టుకుని, నలభై ఓట్లూ ఆ ఒక్కరికే వేస్తే నాణేలు గంపెడు వస్తాయి. పైగా దానికి పేరు నా రాతలోంచే తీసుకున్నాడు. "మీయమ్మ పోయిన ముయ్యే గదన్నా ఇది!" అన్నాడు. నేను పొంగిపోయాను. పొగడ్తకు పడనివాడెవడు?

టెలిగ్రాంలో "ముయ్యి" అని గుంపు పెట్టాడు. నియమాలు కూడా పెట్టాడు. వంతు వచ్చినవాళ్లు లింకు పెట్టాలి. గంటలోగా అందరూ ఓటు వేసి, కింద ఒక మంచి మాట రాయాలి. గుంపులో లింకు తప్ప ఇంకో మాట పెడితే దానంతట అదే చెరిగిపోతుంది. రెండుసార్లు ఎగ్గొడితే బయటికి పంపేస్తారు.

నాణేలు నిజంగానే పెరిగాయి. రోజా నవ్వడం మానేసింది. మిక్సీ కొన్నాం.

కానీ చేనిలో ముయ్యి వేరు. అక్కడ వంగి చెట్టు పీకకపోతే సాలు అట్లాగే నిలబడి నీ బండారం బయటపెడుతుంది. చదవడంలో ఆ భయం లేదు. చదివావో లేదో దేవుడికి కూడా తెలియదు. మొదట్లో సగం చదివేవాణ్ణి. తర్వాత పేరు చూసేవాణ్ణి. ఆ తర్వాత ఫోన్లో ఏడు వాక్యాలు రాసిపెట్టుకున్నాను: ఒకటి "హృదయాన్ని తాకింది", ఒకటి "కళ్లు చెమర్చాయి", ఇంకోటి "అద్భుతం అమ్మా, ఇలాగే మరెన్నో రాయాలి". వంతుల వారీగా అతికించేవాణ్ణి. క్రేట్ల మధ్య నిలబడి, ఒక పాటకూ ఇంకో పాటకూ నడుమ, బొటనవేలితో కళ్లు చెమర్చేవి.

"సదివినావా?" అని ఒకసారి రోజా అడిగింది.

"సదువుతాలే."

"సదవకుండా ఏడ్సేది ఎట్లబ్బా?"

నోరు మూసుకోమన్నాను.

ఏడాది పైన అట్లా నడిచింది. మొన్న ఒక మధ్యాహ్నం గుంపు భగ్గుమంది. మా అందరి రాతల మీదా వారం రోజుల నాణేలు సున్నా అయిపోయాయి. ఆ సైటులో నాణేలు బాగా ఉన్నవాళ్లు, నచ్చనిదాని మీద ఎదురు ఓటు కూడా వేయవచ్చు. ఏదో దేశంవాడు, తెలుగు ముక్క రానివాడు, గుంపు కట్టి ఓట్లేసుకునేవాళ్లను పట్టుకోవడమే పనిగా పెట్టుకున్నాడట. అనువాదం మిషన్లో వేసుకుని మా రాతలన్నీ చదివాడు. ఆ రోజు భానుప్రకాశ్ మొదటిసారి గుంపులో మాటలకు తలుపు తీశాడు. "వాడు రుక్మిణమ్మ పోస్టు కింద మనల్ని తిట్టి పెట్టుండాడు. అందరూ పోయి గడ్డి పెట్టండి" అన్నాడు.

తిట్టడంలో నేను ఎవరికీ తీసిపోను. మార్కెట్లో నేర్చుకున్నవన్నీ నాలుక చివర పెట్టుకుని పోస్టు తెరిచాను. నలభై పొగడ్తల కింద వాడి మాట ఉంది. మిషన్ తెలుగు. "ఈ స్త్రీ మిమ్మల్ని సహాయం అడుగుతున్నది. మీరు నలభై మంది ఆమెను అభినందించారు. మీలో ఒకరు వెళ్ళారా?"

ఏం సహాయం? వేలు వెనక్కి లాగి, పోస్టు పైకి పోయాను. అప్పుడు చదివాను మొదటిసారి. తేదీ చూస్తే పంతొమ్మిది రోజుల కిందటిది.

"ఈ రోజు నా ముయ్యి దినం. మీరందరూ వస్తారు కాబట్టి ఈ మాట ఈ రోజుకని దాచుకున్నాను. నా ఎడమకన్ను చిన్నప్పుడే గాజుపెంకు తగిలి పోయింది. ఇప్పుడు కుడికంటిలో కింది నుంచి నల్లటి తెర లేస్తోంది. కుప్పంలో డాక్టరు చూసి, లోపలి పొర ఊడిందనీ, గురువారం ఆపరేషన్ చేస్తాననీ, ఆలస్యమైతే చూపు రాదనీ చెప్పాడు. తోడు మనిషి వచ్చి సంతకం పెడితేనే చేస్తారట. నాకు పిల్లలు లేరు. ఉన్నది మీరే. కుప్పం, శాంతిపురం వైపు వాళ్లు పదకొండు మంది ఉన్నారు. ఎవరైనా ఒకరు గురువారం తొమ్మిదింటికి ఆసుపత్రి వాకిటికి రండి. నేను ఆకుపచ్చ చీర కట్టుకుని ఉంటాను. నేను కళ్లతో చేసిన ముయ్యి మీరు ఒక్క పూట కాళ్లతో తీర్చండి."

దాని కింద మూడోది నా కామెంటు. "కళ్లు చెమర్చాయి."

మధ్యాహ్నం బస్సుకే పుంగనూరు పోయాను. వరదరాజులు ఫోన్ చేస్తూనే ఉన్నాడు, ఎత్తలేదు. బస్సంతా ఒకటే మొక్కు: ఎవరో ఒకరు పోయి ఉండాలి. పదకొండు మందిలో ఒక్కడైనా. పోయి ఉంటే నేను క్షమాపణ చెప్పి, కాళ్లు పట్టుకుని, బయటపడిపోవచ్చు.

గాజుల అంగడి సగం తలుపు వేసి ఉంది. పక్కింటి అమ్మాయి భార్గవి లోపలికి పిలిచింది. రుక్మిణమ్మ చాప మీద కూర్చుని, గాజులు చేత్తో తడిమి సైజుల ప్రకారం దారానికి ఎక్కిస్తోంది. ఆమె రాతల్లో కనిపించిన మనిషి కంటే చిన్నగా, సన్నగా ఉంది. కళ్లు తెరిచే ఉన్నాయి.

"ఎవరప్పా?"

"నేనమ్మా. మదనపల్లె మధుసూదన్ని. సైట్లో రాస్తాంటాను."

"నాగమ్మ కొడుకా!" ఆమె ముఖమంతా విచ్చుకుంది. మా అమ్మను ఆమె ఎన్నడూ చూడలేదు. "కూసో నాయనా, కూసో. భార్గవీ, కాపీ పెట్టమ్మా."

అడగలేక అడిగాను. చెప్పింది. గురువారం తెల్లవారి మొదటి బస్సుకు కుప్పం పోయింది. తోడు వచ్చేవాళ్లకు కూడా కలిపి ఇద్దరికి పులిహోర కట్టుకుంది. తొమ్మిది నుంచి నాలుగు దాకా వాకిట్లో నిలబడింది. ఆకుపచ్చ చీర తనకు సరిగా కనబడక, రంగు తప్పు కట్టుకున్నానేమోనని దారిన పోయేవాళ్లను రెండుసార్లు అడిగిందట. నాలుగింటికి నర్సు వచ్చి, ఇంకో తేదీ రాసిచ్చి పంపేసింది. తొమ్మిది రోజుల తర్వాత భార్గవి పోయి సంతకం పెట్టింది. ఆపరేషన్ చేశారు. ముందే వచ్చి ఉంటే బాగుండేదని డాక్టరు అన్నాడట.

"ముందే నన్ను పిలిస్తే వచ్చుందును గదన్నా" అంది భార్గవి, కాఫీ నా ముందు పెడుతూ. "అడిగితే, మా వాళ్లుండారు కుప్పంలో, నీకెందుకు శ్రమ అనింది. ఎవరీ వాళ్లు అని మేం అనుకుంటాంటిమి."

నేను కాఫీ ముట్టలేదు.

"నీ చేతిలో ఫోనుండాదా నాయనా?" అంది రుక్మిణమ్మ. "నేను రాసింది ఒకసారి సదువు. అందరూ బాగుంది, బాగుంది అన్నారని భార్గవి చెప్పింది. బాగుంటే ఎందుకు రాలేదని అదే ఆలోసన నాకు. తేదీ తప్పు పెట్టినానేమో. మసకలో రాసింది గదా. యాడ తప్పు పోయినానో సెప్పు."

చదివాను. మొదటి నుంచి చివరిదాకా, గట్టిగా, అక్షరం వదలకుండా చదివాను. ఆమె తల ఊపుతూ వింది.

"ఏమీ తప్పు లేదమ్మా. అంతా సరిగ్గానే ఉండాది."

"అట్లయితే?"

తిలాపాపం తలా పిడికెడు అంటారు. నలభై మందికి పంచినా నా పిడికిలి మాత్రం నిండే ఉంది.

"సదవలేదమ్మా."

"ఎవరు?"

"ఎవరూ సదవలేదు. నేనూ సదవలేదు. వంతు గదా అని ఏదో ఒకటి రాసేసి పోయినాం."

ఆమె చేతిలో గాజుల దారం ఆగింది. తిడుతుందని ఎదురుచూశాను. తిట్టి ఉంటే ప్రాణానికి హాయిగా ఉండేది.

"ఇదొక్కటేనా, అన్నీనా?"

"ఇదొక్కటే" అన్నాను. నోరు ఎంత తొందరగా అబద్ధమాడిందో నాకే ఆశ్చర్యమేసింది. "టమోటా సీజనమ్మా, తీరలేదు. ఇంగ అన్నీ సదివినాను. మీరు రాసిందొక్కటీ వదల్లేదు."

ఆమె చాప మీద నా వైపుకు జరిగింది.

"పోయినేడు మా ఆయన గురించి రాసినాను. ఆయన పోయిన తీరు అంతకుముందు ఎవరికీ సెప్పిండ్లేదు. మొదటిసారి మీకే సెప్పినాను. నలబై మందీ బాగుందన్నారు. ఆ దినం నాకు కంటినిండా నిద్ర పట్టింది నాయనా, మనకీ మనుసులుండారని." గాజుల దారం పక్కన పెట్టింది. "మా ఆయన ఎట్ల పోయినాడో సెప్పు."

భార్గవి నా ముఖం చూసి, తల వంచుకుని లోపలికి వెళ్లిపోయింది.

"సెప్పప్పా" అంది రుక్మిణమ్మ. నా గొంతు వచ్చే వైపుకు ముఖం పెట్టి, ఇంకా ఆశ చావక, నేను చెప్పేదాని కోసం కూర్చుంది.

నాకు తెలియదు.