నా పేరున్న కవరు

తప్పులుంటే క్షమించండి. యాభై మూడేళ్ల వయసులో పలక పట్టిన చేయి నాది. ఒత్తులు ఇప్పటికీ ఒకచోట పెట్టాల్సినవి ఇంకోచోట పెడతాను. ఈ నాలుగు కాగితాలు రాయడానికి నెల పట్టింది. పైగా మా ఇంట్లో మాట్లాడుకునేది లంబాడా భాష. తెలుగు మాకు సంతలో, ఆఫీసుల్లో వాడే భాష. నా మనుమరాలు సంగీత తప్పులు దిద్దింది. జరిగినదాన్ని మాత్రం మార్చనివ్వలేదు.

కొత్తగూడ అడవి పక్కన మా తండా. తండాను ఆనుకుని ఆడపిల్లల బడి, దాని వెనుక హాస్టల్. బడి కమిటీకి నన్ను అధ్యక్షురాలిని చేశారు. ఎందుకో నాకు తెలుసు. వేలిముద్ర వేసే మనిషి ఏ కాగితం గురించీ అడగదు. రెండేళ్లు అట్లాగే వేశాను. మూడో ఏడాది ఎండాకాలంలో సంగీత నాకు అక్షరాలు నేర్పింది. వానలు మొదలయ్యేసరికి కూడబలుక్కుని చదవడం వచ్చింది. హెడ్‌మాస్టర్ ఉపేందర్ సారుకు ఆ సంగతి చెప్పలేదు, ఆయన అడగనూ లేదు.

ఆ వానాకాలంలోనే హాస్టల్ మరుగుదొడ్ల దారిలో, కరెంటు పోయిన వేళ, ఒక పిల్లను పాము కరిచింది. పిల్ల బతికింది. కానీ వాళ్ల నాయన పెట్టె సర్దుకుని తీసుకుపోయాడు, మళ్లీ పంపలేదు. వేరే ఊళ్లో ఉండే నా కొడుకు టీక్యా కూడా సంగీతను బడి మాన్పించి తన ఇంటికి తీసుకుపోతానన్నాడు. అప్పుడది పదో తరగతి, ఆ పిల్లలు రాత్రిళ్లు హాస్టల్‌లోనే ఉండాలని బడి రూలు. సోలార్ లైట్లకు సర్కారు పైసలు మంజూరయ్యాయి, ఆగమని బతిమాలాను. దీపావళి దాకా చూస్తానన్నాడు.

లైట్లు ఎట్లా కొనాలో ఉపేందర్ సారు కమిటీలో చదివి వినిపించాడు. ఎవరు ఎంతకు పెడతారో రాసి, లక్క సీలు వేసిన కవర్లో ఇవ్వాలి. కనీసం ముగ్గురు ఇవ్వాలి. ఒకరోజు అందరి ముందు విప్పాలి, తక్కువ ధర రాసినవాళ్లకే పని. మూడింటిలో ఒక్కటి పనికిరాకపోయినా అన్నీ రద్దు. అక్టోబరు నెలాఖరులోగా పని అప్పగించకపోతే పైసలు వెనక్కి.

మూడు కవర్లు వచ్చాయి. ఒకటి జనగామ నుంచి శ్రీపాల్‌ది, ఒకటి భూపాలపల్లి దుకాణానిది, ఒకటి మహబూబాబాద్‌లో, అదే మేం మానుకోట అంటాం, మోటార్లు బాగుచేసే అక్తర్‌ది. అవి అందిన రెండో రోజే తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలైంది. బడికి తాళం పడింది. బస్సులు ఆగాయి. బొగ్గు బాయిలు కూడా ఆగిపోయి, ఉన్న కరెంటు కూడా సగమైంది. పదో తరగతి పిల్లలు మాత్రం హాస్టల్‌లోనే ఉండిపోయారు. సారు సమ్మె టెంటుకు పోతూ కవర్లు నా చేతిలో పెట్టి, జాగ్రత్త, ఎవరికీ ఇవ్వొద్దు అన్నాడు. విప్పొద్దు అని అనలేదు. చదువు రాని మనిషికి ఆ మాట ఎందుకు చెబుతాడు?

బియ్యం డబ్బాలో దాచాను. నాలుగో రోజు బియ్యానికి పోయి కవర్ల మీద రాతలు చూశాను. రెండింటి మీద ‘ప్రధానోపాధ్యాయులు’ అని ఉంది. అంత పొడుగు మాట నాకు సగంలోనే ఆగిపోయింది. మూడోదాని మీద ‘శ్రీమతి గంగి గారికి’ అని ఉంది. చాలాసేపు అట్లాగే చూశాను. నా బతుకులో నా పేరు రాసి వచ్చిన కాగితం అదే మొదటిది. నా పేరున్న ఉత్తరం నాకే కదా అనుకున్నాను. ఆ సంబరంలో అందరి ముందే విప్పాలన్న మాట మరిచాను. లక్క ఊడదీశాను.

పైకి వినబడేట్టు చదివితే తప్ప నాకు అర్థం కాదు. అరుగు మీద కూర్చుని చదివాను. మక్కకంకులు ఒలుస్తున్న ఆడవాళ్లు చుట్టూ చేరారు. ఒక్కో అక్షరం కూడబలుక్కుంటుంటే నవ్వారు, మాట పూర్తయితే మెచ్చుకున్నారు. అంకెలు నాకు ముందునుంచీ వచ్చు. ధర మాత్రం గడగడా చదివాను. మక్కలు ఎత్తడానికి ట్రాక్టర్ తెచ్చిన హన్మంత్ కూడా విన్నాడు.

మూడు రోజులకు శ్రీపాల్ జనగామ నుంచి మోటారు సైకిల్ మీద వచ్చాడు. హన్మంత్ అతని మనిషని అప్పుడు తెలిసింది. మంచం మీద కూర్చుని నీళ్లడిగి తాగాడు.

“నువ్వు సదువు నేర్సినవని జనగామ దాక తెలిసిందే అవ్వా,” అన్నాడు. “జర పైలంగ సదవాలె గద.”

సీలు విప్పిన కవరు చెల్లదని, నేను చేసింది తప్పని అతని నోటనే విన్నాను. తన కవరు వెనక్కిస్తే అక్తర్ కంటే కాస్త తక్కువ రాసి వేరేది ఇస్తానన్నాడు. అక్తర్ కవరు మళ్లీ అంటించేయమన్నాడు. ఇవ్వకపోతే సంగతి ఆఫీసులో చెప్పి అన్నీ రద్దు చేయిస్తానన్నాడు.

ఇయ్యనని చెప్పి మర్నాడు ఆరు మైళ్లు నడిచి మండలం టెంటుకు పోయాను. ఆ రోజు రోడ్డు మీదే వంటావార్పు. ఉపేందర్ సారు కింద కూర్చుని వంకాయలు కోస్తున్నాడు. అంతా చెప్పాను. కత్తిపీట పక్కన పెట్టాడు.

“నీకు సదువెప్పుడొచ్చింది?” అన్నాడు.

కోసిన ముక్కలన్నీ నీళ్లగిన్నెలోకి తోశాడు. చివరికి, అన్నం మెతుకుతో కవరు అంటించు, పైన కొత్త లక్క నేను పోస్తానన్నాడు. అన్నీ రద్దయి పైసలు వెనక్కిపోతే శ్రీపాల్‌కూ ఒరిగేదేమీ లేదు, ఊరికే బెదిరిస్తున్నాడని కూడా చెప్పాడు. ఒక్క చిక్కుంది. రిజిస్టర్లో ‘సీళ్లు చెక్కుచెదరలేదని చూశాను’ అనే వాక్యం కింద నేను సంతకం పెట్టాలి.

“గిన్నేండ్లు సదవకుండనే ఏలు ముద్ర ఏసినవు గద అవ్వా. గిప్పుడు గూడ గట్లనే పెట్టు. పిల్లల కోసం.”

తిరిగి వస్తూ దారిపొడుగునా అదే ఆలోచన. ఆయన పిల్లల కోసమే అన్నాడు, నిజం. నేను నోరు మూసుకుంటే లైట్లు వస్తాయి, సంగీత బడిలో ఉంటుంది. నోరు తెరిస్తే టీక్యా వచ్చి తీసుకుపోతాడు. మనుమరాలు నేర్పిన అక్షరాలే మనుమరాలి చదువుకు అడ్డం వచ్చాయి. ఇంట్లో బియ్యం డబ్బా మూత తీసిన ప్రతిసారీ ఆ కవరు కనిపించేది. డబ్బా చోటు మార్చాను. అక్కడా కనిపించింది. మెతుకుతో అంటించిన చోట చీమలు కూడా పట్టాయి.

టీచర్లు బడికి తిరిగొచ్చాక, దీపావళికి నాలుగు రోజుల ముందు, కవర్లు విప్పే రోజు పెట్టారు. ముగ్గురూ వచ్చారు. అక్తర్ తల మీద టోపీ సర్దుకుంటూ తలుపు దగ్గరే నిలబడ్డాడు. శ్రీపాల్ కుర్చీలో కూర్చుని నన్నే చూస్తున్నాడు. సారు రిజిస్టర్ నా ముందుకు జరిపి, సంతకం చోటు వేలితో చూపించాడు.

నేను పై వాక్యం నుంచి మొదలుపెట్టాను. పైకే చదివాను, నాకు ఇంకో విధం రాదు. ‘చెక్కుచెదరలేదని’ దగ్గర రెండుసార్లు ఆగాను. ఎవరూ అందించలేదు. శ్రీపాల్ నోరు తెరుస్తాడేమోనని భయం లేదు. ఆ మాట నా గొంతుతో నేనే చదివాక దాని కింద నా పేరు ఎట్లా రాయాలో తెలియలేదు. కలం తీసుకుని పక్కన ఖాళీలో రాశాను: ‘అక్తర్ కవరు నేను విప్పిన. గంగి.’

సారు కళ్లు మూసుకున్నాడు. అన్నీ రద్దయ్యాయి. శ్రీపాల్ లేచి బండి తీశాడు.

అక్తర్ మాత్రం నా దగ్గరికి వచ్చాడు. “సారు పేరు తెల్వక, బోర్డు మీద నీ పేరు జూసి రాసిన అవ్వా,” అన్నాడు. “తప్పు నాది గూడ ఉన్నది.”

నెలాఖరు దాటింది. పైసలు వెనక్కిపోయాయి. పండుగ మర్నాడు టీక్యా పెట్టె కోసం వచ్చాడు. సంగీత గుంజ పట్టుకుని నిలబడింది, ఏడవలేదు, నా వైపు చూడలేదు. అది నన్ను ‘యాడి’ అని పిలుస్తుంది, మా భాషలో అమ్మ అని. ఆ రోజు ఏమనీ పిలవలేదు.

నేను టీక్యాకు ఒక మాట ఇచ్చాను. పొద్దుగూకిన దగ్గరనుంచి తెల్లారేదాకా హాస్టల్ వరండాలో ఉంటాను, ఏ పిల్ల బయటికి పోయినా గాసునూనె దీపం, కర్ర పట్టుకుని ముందు నేను నడుస్తాను అన్నాను. నా తప్పుకు నేనే కాపలా. వాడు పెట్టె కింద పెట్టాడు.

పరీక్షలయ్యేదాకా ఒక్కనాడు తప్పలేదు. జ్వరమొచ్చినా పోయాను. ఒకత్తి వచ్చి పడుకోగానే ఇంకొకత్తి లేచేది. కొందరు లేపడానికి సిగ్గుపడి ఓర్చుకునేవాళ్లు, వాళ్లను నేనే లేపేదాన్ని. సంగీత మొదటి నెల నా వెనక మాట్లాడకుండా నడిచేది. తర్వాత నడుస్తూ పాఠాలు అప్పజెప్పేది, నేను వినేదాన్ని. అది పాసై మానుకోట కాలేజీకి పోయింది.

మరుసటి ఏడాది పైసలు మళ్లీ వచ్చాయి, మళ్లీ మూడు కవర్లు. అక్తర్ ధర తండాకంతా తెలుసు కాబట్టి శ్రీపాల్ దానికంటే కాస్త తక్కువ రాశాడు. రూలు ప్రకారం పని అతనికే పోయింది. సీళ్లు చెక్కుచెదరలేదు. నేను చదివి సంతకం పెట్టాను. అంతకుముందు మాత్రం, నోటీసు రాసేటప్పుడే, అయిదేళ్లు చెడిపోయినప్పుడల్లా వచ్చి బాగుచేయాలి అనే షరతు పెట్టించాను. సారు దాన్ని ముగ్గురికీ ఒక్కతీరుగా రాశాడు.

దసరా రాకముందే ఆరింటిలో రెండు లైట్లు ఆరిపోయాయి. నేను మళ్లీ దీపం, కర్ర తీశాను. పగలు కూర్చుని, షరతు గుర్తుచేస్తూ శ్రీపాల్‌కు పోస్టుకార్డు రాశాను. జవాబు లేదు. ఇంకోటి రాశాను. ఆరో కార్డుకు నిచ్చెన, కొత్త బ్యాటరీలు పట్టుకుని వచ్చాడు. నా రాతలో ఒత్తులు కొంచెం మెరుగయ్యాయని మాత్రం అన్నాడు.

గంగి, అరవై ఆరేళ్లు. ఇప్పుడు మానుకోటలో, సంగీత ఇంట్లో ఉంటున్నాను.