నాలుగు గేర్లూ వెనక్కే

బాల్‌రాజ్ పటేల్ తన వాకిట్లో మొదటి గేరు వేసి క్లచ్ వదిలాడు. ఆయన పాత నీలం బీటిల్ కారు ముందుకు పోవాల్సింది పోయి, సర్రున వెనక్కి వెళ్లి గోడ పక్కన పేర్చిన కంది బస్తాలను గుద్దింది. రెండో గేరు వేశాడు. మళ్లీ బస్తాల్లోకే! చిరాకెత్తి రివర్స్ వేస్తే, నిమ్మళంగా ముందుకొచ్చింది. కారు బాగై వచ్చిందని తెలిసి వికారాబాద్‌లో ఆ గల్లీ మొత్తం వాకిట్లోనే ఉంది. అందరూ గొల్లున నవ్వారు.

"ముక్తార్ భాయ్! ఇది కారా, తమాషానా? ఎవలు బిగించిర్రు దీని గేర్‌బాక్స్?"

ముక్తార్ మెకానిక్ తన కూతురి వైపు చెయ్యి చూపించాడు. "నా బిడ్డ బిగించింది పటేల్ సాబ్. కొత్త చెయ్యి. జర మాఫ్ చెయ్యుర్రి."

పక్కనే నిలబడ్డ తరన్నుమ్‌కు ఒళ్లు భగ్గుమంది. అబద్ధం! పచ్చి అబద్ధం! కన్నకూతురు మీదికి ఎంత సులువుగా తోసేశాడో! అయినా కొత్త చెయ్యేమిటి? తాండూరులో తండ్రి షెడ్డులో పద్నాలుగేళ్లుగా చేతులు నల్లగా చేసుకుంటోంది.

ఈ కారు ఇంజనూ, గేర్‌బాక్సూ రెండూ పోయాయి. వెనకాల ఉండి, నీళ్లు లేకుండా గాలితోనే చల్లబడే ఇంజన్ అది. అలాంటిది ఇప్పుడెక్కడ దొరుకుతుంది? వెతగ్గా వెతగ్గా తుక్కులో అదే కంపెనీ పాత వ్యాను ఒకటి కనబడితే, దాని ఇంజనూ గేర్‌బాక్సూ పట్టుకొచ్చారు. ఇంజన్ ఎక్కించింది తరన్నుమ్. గేర్‌బాక్స్ మాత్రం ముక్తార్ ముట్టనివ్వలేదు. విప్పేటప్పుడు ప్రతి ముక్క మీదా సుద్దతో గీత పెట్టుకుని, ఎట్లా ఊడిందో అట్లానే బిగించడం ఆయన పద్ధతి. నలభై ఏళ్లుగా అదే పద్ధతి.

"అబ్బా, వ్యానుకు చక్రాల కాడ ఇంకో జత పళ్లచక్రాలుంటయి. అవి తిరుగుడును ఉల్టా చేస్తయి. కారుకు అవి లేవు. అందుకే లోపలి పెద్ద పళ్లచక్రాన్ని ఈ పక్కకెంచి ఆ పక్కకు మార్చాలె" అని ఆమె తండ్రితో మూడుసార్లు మొత్తుకుంది.

"నాకే నేర్పిస్తవా? చుప్!" అన్నాడాయన. షెడ్డులో ఒకసారి నడిపి చూద్దామన్నా వినకుండా కారును ట్రాలీ ఎక్కించి వికారాబాద్ పట్టుకొచ్చాడు. పైగా, "గీ బండి సక్కగ నడిస్తే ఇగ ఇంజన్ పని మొత్తం నీదే" అని మాట కూడా ఇచ్చాడు. ఆ ఒక్క మాట కోసమే ఆమె నోరు మూసుకుంది. ఇప్పుడు పని మాట దేవుడెరుగు, ఉన్న పేరే పోయింది.

"ఆడపిల్లకు గేర్‌బాక్స్ ఇచ్చినవా? అకల్ ఉన్నదా నీకు?" బాల్‌రాజ్ ఇంకా అరుస్తున్నాడు. "నువ్వే విప్పు, నువ్వే బిగించు!"

"విప్పనీ" అనుకుంది తరన్నుమ్. పళ్లు బిగించి పక్కకు జరిగింది.

మధ్యాహ్నానికి ముక్తార్ ఆ వాకిట్లోనే ఇంజన్ దించి, గేర్‌బాక్స్ విప్పి పరిచాడు. చూసిన ముక్కనే మళ్లీ మళ్లీ చూశాడు. సుద్ద గీతలన్నీ కలుస్తూనే ఉన్నాయి. తప్పెక్కడో అంతుపట్టలేదు. చివరికి ఆమె దగ్గరకొచ్చి గొంతు తగ్గించి, "బేటీ, జర చెప్పు" అన్నాడు.

"నాకేం తెల్సు? కొత్త చెయ్యి నాది!" అందరికీ వినబడేలా అంది. "ఎవలు బిగించిర్రో వాళ్లనే అడుగుర్రి!"

ముక్తార్ నెత్తి మీది టోపీ తీసి చేతిలో నలిపాడు.

"నేనే బిగించిన, పటేల్ సాబ్. బిడ్డ వద్దన్నది. నేనే ఇనలే. ఇప్పుడు గూడ నాకు సమజైతలేదు. ఆమెకే తెల్సు."

తరన్నుమ్ కళ్లల్లో నీళ్లు గిర్రున తిరిగాయి, అదీ కోపంతోనే. "గిదే మాట పొద్దుగాల అంటే నోటి ముత్యాలు రాల్తుండెనా అబ్బా? జరుగు!"

ఆయన జరిగాడు. ఆమె చున్నీ నడుముకు బిగించి పానా అందుకుంది.

"ఎంతసేపు పడ్తదమ్మా?" అని బాల్‌రాజ్ ఈసారి ఆమెనే అడిగాడు.

"పట్టినంత సేపు పడ్తది. మీరేమడిగినా ఇగ నన్నే అడుగుర్రి."

పెద్ద పళ్లచక్రాన్ని ఊడదీస్తూ ఆమె ఒక్కసారి కూడా తల ఎత్తలేదు. తండ్రి ముఖం చూస్తే కోపం తగ్గిపోతుందేమోనని ఆమె భయం.